మంజీరలో బావ వెనక

నాకు చేపల మీద ఏనాడూ మోజు లేదు. నీచు వాసనే పడదు. అయినా ఆదివారం తెల్లారేసరికి ఎల్లారెడ్డి నుంచి బండి మీద లింగంపేటకు పోయి, బావను ఎక్కించుకుని, వచ్చిన దారినే మళ్లీ వెనక్కి మంజీరకు తీసుకుపోయేవాణ్ని. అక్క మొగుడు అడిగితే కాదనడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

బావ ఏళ్లకేళ్లు గల్ఫ్‌లో ఎండన పడి కట్టడాల పని చేసి, కిడ్నీలు పాడుచేసుకుని తిరిగొచ్చాడు. వారానికి మూడుసార్లు కామారెడ్డిలో డయాలసిస్. రోజు మొత్తానికి ఒక చిన్న సీసాడు నీళ్లే తాగాలి.

"ఆడ నీళ్లు తాగ తీరిక లేకుండె, ఈడ తాగ పర్మిషన్ లేదు" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఆయన గాలానికి వానపామును గుచ్చేవాడు కాదు. గల్ఫ్‌లో ఒకే గదిలో ఉన్న కేరళతని దగ్గర వేరే పద్ధతి నేర్చుకున్నాడు. కొక్కేనికి కోడి ఈకను దారంతో చుట్టి, పురుగు వాలినట్టు నీళ్ల మీద వాలనిచ్చి, చటుక్కున లాగడం. అది ఒడ్డున కూర్చుని చేసే పని కాదు, తొడల్లోతు నీళ్లలో నిలబడి విసరాలి. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసిన ఎడమ చేతికి పాలిథిన్ కవరు చుట్టుకుని, కుడిచేత్తోనే విసిరేవాడు. పడేవన్నీ లేత చేపలు, ఎక్కువగా కొర్రమట్ట పిల్లలు. అరచేతి కంటే చిన్నదైతే కొక్కెం మెల్లగా తీసి వదిలేసేవాడు.

"ఇంత పెట్రోలు కాల్చుకుని వచ్చింది వీటి మూతులు చూసిపోవడానికా బావా?" అంటే, "పెరగనియ్యిరా, తొందరేమున్నది" అనేవాడు. తొందర ఎవరికి ఉందో మా ఇద్దరికీ తెలుసు.

మంజీరలో నడవడం ఇప్పుడు మునుపటిలా లేదు. ఇసుక లారీలు ఏటి కడుపు తోడుకుపోయాయి. మోకాలి లోతు అనుకుని అడుగేస్తే మనిషి మునిగే గుంత ఉంటుంది. అందుకే బావ ఒక కాయిదా పెట్టాడు, దాటకూడని నియమం. ముందు నడిచేవాడు వెదురు కర్రతో నేల పొడిచి చూస్తూ పోవాలి. వెనకవాడు అతను తీసిన అడుగులోనే అడుగు వేయాలి.

"ముంగటోడు గుంతల వడితే ఎనకటోడు దుంకొద్దు. ఉన్నకాడ్నే నిలవడి గాలంకర్ర అందియ్యాలె. ఇద్దరు వడితే ఇద్దరు పోతరు" అని ప్రతిసారీ చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పేవాడు. ముందు ఎప్పుడూ ఆయనే.

ఆ ఆదివారం బావ చెప్పులు వెతుక్కుంటుంటే, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్న అక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"నా గ్రూపు కలిసిందిరా. ఒక కిడ్నీ ఇస్తనంటే మీ బావ ఇంటలేడు. ఏట్ల నిలవడ్డప్పుడు ఆయన మనసు మంచిగుంటది. గప్పుడు అడుగు" అంది. చేతులు ఆకు చుడుతూనే ఉన్నాయి. కళ్లు మాత్రం నన్ను వదలలేదు.

ఏట్లో బావ రెండు మూడుసార్లు ఈకను వాల్చాక అడిగేశాను.

"ఒక్క కిడ్నీతోని గూడ మంచిగ బతుకుతరట బావా. డాక్టరే చెప్పిండు."

"నాకు రెండుండె. ఏమైంది?" అన్నాడు. ఈకను మళ్లీ నీళ్ల మీద వాల్చాడు. "రేపు దానికేమన్నయితే? ఇద్దరం గుంతల వడితే పిల్లగాండ్లకు కర్ర ఎవరిస్తర్రా?"

నాకు కోపం వచ్చింది. "అందిచ్చిన కర్ర వట్టుకునుడు గూడ కాయిదనే గద!" అన్నాను.

ఆయన గాలం నా చేతికిచ్చి, వెదురు కర్ర తీసుకుని ముందుకు కదిలాడు. నా మాటకు మనసు చెదిరిందో ఏమో, నేల పొడవకుండానే అడుగు వేశాడు. అంతే, గుంత. నీళ్లు గడ్డం దాకా వచ్చాయి. వెదురు కర్ర కొట్టుకుపోయింది. నేను నిలబడ్డ చోటి నుంచే గాలంకర్ర చాపాను.

పట్టుకోలేదు. ఎడమ చెయ్యి పైకెత్తి, కాలివేళ్ల మీద నిలబడి, కర్రను చూశాడు. ఆ తరువాత తల వంచి నోరు తెరిచాడు. భయంతో నీళ్లు మింగుతున్నాడేమో అనుకున్నాను. కాదు, తాగుతున్నాడు. నాట్ల నుంచి ఎండన పడి వచ్చిన మనిషి చెంబెత్తినట్టు, కళ్లు మూసుకుని, గుక్క మీద గుక్క. "బావా! బావా!" అని అరిచాను. ఆయన మొహంలో అంత సుఖం ఆయన జబ్బుపడ్డాక నేను చూడలేదు.

దూప తీరాక కుడిచేత్తో కర్ర పట్టుకున్నాడు. లాగాను. ఒడ్డున చాలాసేపు దగ్గి, "మీ అక్కకు చెప్పకు" అన్నాడు.

ఇంటికి పోతే అక్క తడిసిన అంగీ చూసింది, నా మొహం చూసింది, మళ్లీ చాట ముందు కూర్చుంది. మర్నాడు కామారెడ్డిలో డయాలసిస్‌కు ముందు బావను కాంటా ఎక్కించారు. అక్కడ ఏదీ దాగదు, తాగిన ప్రతి గుక్కా బరువై కనిపిస్తుంది. నర్సు కాంటా చూసి కేకలేసింది.

బావ నోరు తెరవకముందే అక్క అంది: "నేనే ఇచ్చిన సిస్టర్. దూప దూప అంటుంటే పానం ఆగలె."

బావ తల దించుకున్నాడు. నేను బయటికి వచ్చి బండ్ల స్టాండు దగ్గర నిలబడి ఏడ్చాను. కిడ్నీ మాట అక్క ఆ తరువాత కూడా చాలాసార్లు ఎత్తింది. ఆయన ప్రతిసారీ పిల్లలను చూపించేవాడు. వానలు మొదలై మంజీరకు కొత్త నీళ్లు రాకముందే పోయాడు.

దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం అక్కకు ఆ రోజు జరిగిందంతా చెప్పాను. గుంత, నీళ్లు, కర్ర, ఏదీ దాచలేదు. నీళ్లు తాగిన సంగతి ఆమెకు కాంటా దగ్గరే తెలిసింది. కర్ర సంగతి మాత్రం రెండోసారి చెప్పించుకుంది. చాట పక్కన పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది.

"నువ్వు అందిస్తె వట్టుకున్నడు గదరా" అంది. "నేను అందిస్తె ఎందుకు వట్టుకోలె?"