జాలరిపేటలో తేలిన తాత పెన్ను వయసు

పాత పెన్నుల వయసు ఎలా తెలుస్తుందని, విశాఖలో ఎక్కడ చూపించాలని నన్ను అడిగేవాళ్లున్నారు. ఎనభైల మొదట్లో నేను ఆ పని మీద తిరిగింది సరదాకి కాదు. స్వతంత్రానికి ముందు మా తాత చర్చిలో పెళ్లి రిజిస్టరు మీద సంతకం పెట్టిన పెన్ను మా ఇంట్లో ఉండేది. నాన్న కూడా తన పెళ్లికి దాంతోనే పెట్టాడు. పెళ్లి దగ్గరపడ్డ మా చెల్లి మేరీ "నాకూ అదే కావాలి" అని పట్టుబట్టింది. అదేమో ఇంకు కక్కుతోంది.

పొద్దున్నే నేనూ మేరీ పెందుర్తిలో సిటీబస్సెక్కి, రూపాయి లోపు టికెట్టుతో పాతపోస్టాఫీసు దగ్గర దిగాం. పెన్నుల కొట్టాయన పాళీ సరిచేశాడు. తర్వాత పెన్నును బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూశాడు.

"తాతగారి పెళ్లి ఎప్పుడన్నారు బాబూ?"

"స్వతంత్రం రాకముందు."

"అప్పటి నల్లపెన్నులు ఎబొనైటువి, అంటే గట్టి రబ్బరువి. రుద్దితే రబ్బరు వాసనేత్తాయి. ఇది ప్లాస్టిక్కు. అచ్చులో పోసిన గీత సూడండి. తరవాత కొన్నదే ఇది."

మేరీ మొహం వాడిపోయింది. తప్పేమీ లేకపోయినా నాకు ఆయన మీదే ఒళ్లు మండింది. అక్కణ్ణుంచి ఆటోలో తిన్నగా జాలరిపేట వెళ్లాం. నాన్న తల్లి, మా మామ్మ, చేపలమ్మి వచ్చి గుమ్మంలో బుట్ట కడుగుతోంది. సంగతి చెప్పగానే పకపకా నవ్వింది.

"దొరికిపోనానా! మీ తాత పడవ మీంచి వంగితే జేబులోది సముద్రంలో పడిపోనాది. బువ్వ ముట్టకుండా కూకున్నాడు. సేపల డబ్బులెట్టి అలాటిదే నాను కొన్నాను. ఎవులికీ సెప్పొద్దన్నాడు, సెప్పలేదు."

"అయితే ఇది నీ పెన్ను కదే మామ్మా!" అంది మేరీ.

"నాకు రాతొచ్చేటే? నా పెన్నేటి!"

ఆ సాయంత్రం మామ్మ పెట్టిన చేపల పులుసు తిని, నిండు కడుపుతో, తేలికైన మనసుతో ఇల్లు చేరాం. వాసన, అచ్చుగీత పెన్ను వయసు చెబుతాయి. అది ఇంట్లోకి ఎలా వచ్చిందో మాత్రం మనుషులే చెప్పాలి. అందుకే నా సలహా ఒక్కటే: కొట్టుకి వెళ్లేముందు ఇంట్లో పెద్దావిడను అడగండి.

పెళ్లిలో మేరీ తన సంతకం అయ్యాక సాక్షిగా మామ్మను పిలిచింది. పెన్ను మర విప్పి, ఒక చుక్క ఇంకు ఆవిడ బొటనవేలికి రాసింది. మామ్మ వేలు రిజిస్టరు మీద ఒత్తి, ఆ గుర్తుకేసి చాలాసేపు చూసింది.