మౌనిక వాళ్ల ఇంటి రేకులు

ఒక ఇంటి ముందున్న రేకుల కప్పును పిల్లలకు చూపించబోయి, వాడనంతా ఏడిపించిన ఘనుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. అప్పటికి నాకు మీసాలు కొత్త, ఉద్యోగం ఇంకా కొత్త.

గోదావరిఖనిలో ఒక ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి టెక్నికల్ డ్రాయింగ్ చెప్పడానికి జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చాను. నెల రోజులు చూసి, ఉంచుకోవాలో పంపించాలో చెప్తామన్నారు హెడ్మాస్టరు గారు. సరిగ్గా నెలాఖరుకు ఆగ్జిలరీ వ్యూ పాఠం వచ్చి నా నెత్తిన కూర్చుంది. నిజానికి అదేం బ్రహ్మవిద్య కాదు. ఏటవాలుగా ఉన్నదాన్ని ముందు నుంచి చూసినా, పైనుంచి చూసినా ఉన్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. అసలు కొలత తెలియాలంటే ఆ వాలుకు సరిగ్గా ఎదురుగా ఉండి చూడాలి. ఈ ముక్క వారమంతా చెప్పాను. ఫోన్లో బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపిస్తే, "కొత్త ఫోనా సార్?" అని అడిగారు.

"ఇయ్యాల మీ క్లాసుకొచ్చి కూసుంట," అన్నారు హెడ్మాస్టరు గారు ఒకరోజు పొద్దున్నే.

దిక్కుతోచక కిటికీలోంచి చూశాను. బడి వెనక గని కార్మికుల క్వార్టర్లు. అందులో ఒక ఇంటి ముందు రేకుల కప్పు, నా కోసమే వేసినట్టు చక్కగా ఏటవాలుగా ఉంది. దానికి ఎదురుగా వేపచెట్టు. బడిలో నిచ్చెన ఉండనే ఉంది. ఇంకేం కావాలి!

"పదండి, ఈరోజు క్లాసు బయట!"

మౌనిక అనే పిల్ల చెయ్యెత్తింది. "ఆ ఇల్లు వద్దు సార్."

"ఎందుకు?"

"అది మా ఇల్లు సార్."

"అయితే మరీ మంచిది. ఎవరూ తిట్టరు."

"గందుకు కాదు సార్, మా బాపు..."

"బాపు సంగతి తర్వాత. ముందు వ్యూ సంగతి చూద్దాం!"

నా తొందర చూశారా! నిచ్చెనను వేపచెట్టుకు ఆనించి పైకెక్కాను. కింద పిల్లలు నిలబడ్డారు. బళ్లో పైకప్పు ఎగిరిపోయేలా అరిచే పిల్లలే, ఇక్కడికి రాగానే పిల్లుల్లా అయిపోయారు.

"ముందు నుంచి చూస్తే రేకు ఎలా కనిపిస్తోంది?"

"పొట్టిగ సార్," అన్నారు గుసగుసగా.

"వినబడలేదు!"

"పొట్టిగ సార్." ఈసారి ఇంకా మెల్లగా.

"అన్నం తినలేదా మీరు? హెడ్మాస్టరు గారి ముందు కూడా ఇట్లాగే నసుగుతారా?"

ఒకడు పెదవుల మీద వేలు పెట్టి చూపించాడు. నన్నే నోరు మూసుకోమంటున్నాడని నాకు కోపం నషాళానికి అంటింది.

"మౌనికా, నువ్వు చెప్పు. అసలు కొలత తెలియాలంటే ఎట్లా చూడాలి? గట్టిగా! బజారు దాకా వినబడాలి!"

ఆ పిల్ల తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"ఎదురుంగ చూడాలె సాఆఆర్!"

గనుల ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసి, నాకు తెలియని సంగతి ఒకటుంది. రాత్రి షిఫ్టు చేసొచ్చిన మనిషి పడుకున్న ఇంటి ముందు ఎవరూ గొంతెత్తరు. అలాంటి ఇంటి ముందు పట్టపగలు జనం గుమిగూడి, ఆ ఇంటి పిల్ల కేక పెట్టిందంటే వాడకు ఒకటే అర్థం. గనిలో ఎవరికో ఏదో అయింది.

తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. ఆడవాళ్లు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందే మౌనికా?"

"ఏ బాయిల?" అని ఇంకొకామె గని పేరు అడిగింది.

ఒకామె అప్పుడే ఏడుపు మొదలుపెట్టింది. మౌనిక తండ్రి సమ్మయ్య లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చి, "ఎవ్వలికి దెబ్బ తాకింది?" అని అందరినీ అడగసాగాడు. ఆ జనం తన ఇంటి ముందే ఉన్నారని కూడా అతను గమనించలేదు.

ఇంతలో బజారు నుంచి అతని తల్లి వచ్చింది. గుంపును చూడగానే టమాటాల సంచి వదిలేసి, అందరినీ తోసుకుంటూ వచ్చి, సమ్మయ్య చెయ్యే పట్టుకుని ఊపేస్తూ, "నా కొడుకేడి? నా కొడుకేడి?" అని అడిగింది.

"ఈడ్నే ఉన్ననే అవ్వా. పండుకున్న."

ఆమె అతని ముఖం తడిమింది, భుజాలు తడిమింది. వీపు మీద ఒక్కటిచ్చింది. ఆ తర్వాత ఆ వీపు మీదే తల పెట్టుకుని ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు. నా ఉద్యోగం కోసం ఆ తల్లిని ఇంత భయపెట్టానని సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె తలెత్తి చూసింది. "చెట్టు మీద గాడెవడు?"

"మా డ్రాయింగ్ సారు బాపమ్మా," అంది మౌనిక.

"గాడేం జేస్తున్నవు బిడ్డా?"

"రేకును... ఎదురుగా చూస్తున్నా అవ్వా."

"గంత పైకెక్కి రేకును జూసినవు. గడప కాడ బూట్లు కానరాలేదా కొడుకా?"

చూశాను. బొగ్గు మసితో నల్లబడ్డ డ్యూటీ బూట్లు గడప పక్కనే జంటగా ఉన్నాయి. ఇంటాయన లోపల నిద్రపోతున్నాడని వాడకంతా చెప్తున్నాయి. నేను వాటిని దాటుకునే నిచ్చెన తెచ్చాను.

అప్పుడే హెడ్మాస్టరు గారు వచ్చారు. సమ్మయ్య ఆవలిస్తూ, "మీరు చెప్పుకోండ్రి సారూ, నేను పండుకుంట," అని లోపలికెళ్లాడు. వాడంతా చప్పున నోరు మూసుకుంది. హెడ్మాస్టరు గారు వంగి, పిల్లలను గుసగుసగా అడిగారు. "వాలు రేకు అసలు కొలత ఎట్ల తెలుస్తది?"

"ఎదురుంగ చూస్తె సార్," అన్నారు పిల్లలందరూ, పిండి చేతుల ఆడవాళ్లు, బాపమ్మ కూడా. అందరూ గుసగుసగానే.

హెడ్మాస్టరు గారు నా వైపు తిరిగి ఏదో అన్నారు. ఉండమన్నారో, పొమ్మన్నారో నాకు వినబడలేదు. గట్టిగా చెప్పమని అడిగే ధైర్యం నాకెక్కడిది? మర్నాడు బిక్కుబిక్కుమంటూ బడికి వెళ్తే ఎవరూ గెంటలేదు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కనుక ఆ వేపచెట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ ఇంటి కప్పు వైపు తలెత్తాలన్నా ముందు గడప వైపు తల దించుతాను. అక్కడ బూట్లుంటే, ఆకాశం ఊడి నెత్తిన పడుతున్నా సరే, ఆ మాట గుసగుసగానే చెప్తాను.