పోశెట్టి పిడికిట్లో నాలుగు ఓట్లు

ఒమాన్‌లోని సహంలో మేస్త్రీ పని చేసే పోశెట్టి, మా ఊరివాడే అయిన కిష్టయ్యతో సర్పంచి ఎన్నికల మీద కొట్లాడి గెలవడం నేను కళ్లారా చూశాను. "మా ఇంట్ల నాలుగు ఓట్లు నా పిడికిట్ల ఉన్నయ్. నీ ఇంట్ల నీ మాట ఎవలింటున్నరు రా?" అనేసరికి కిష్టయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఇంత మాటన్న మొనగాడు ఈ దేశమొచ్చాక ఓటు వేళకు ఒక్కసారీ ఊళ్లో లేడు. గోళ్లలో సిమెంటు, మెడలో తువ్వాలు, రొట్టె కొరకబోతున్నట్టు నోటి ముందు ఫోను. పోలింగు నాడు డ్యూటీ ఎగ్గొట్టి మరీ, నేను వంట చేసే అరబ్బు ఇంటి గోడ నీడన చేరి, పెళ్లాం గంగజలకూ తల్లికీ తమ్ముడికీ మరదలికీ, సర్పంచికి నిలబడ్డ తన చిన్నాయన కోసం, "చిన్నాయనది ఉంగరం గుర్తు, మరువకుండ్రి" అని వాయిస్ మెసేజులు పంపుతూనే ఉన్నాడు. ఓటు గుద్దే చెయ్యి అక్కడ, అరిచే నోరు ఇక్కడ, ఏం జోడు! ఉంగరం రెండు ఓట్ల తేడాతో ఓడింది. మర్నాడు నేను చెత్త పారెయ్యడానికి వస్తే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, మీసం కూడా వాలిపోయింది. "పెద్దమ్మా, గంగజల ఎవలికేసిందో చెప్తలేదు. అడిగితే నవ్వుతున్నది. నీకైతే చెప్తది, జర ఫోన్ చేసి అడుగు," అన్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను అడగమన్ననని మాత్రం అనకు."