స్పీకింగ్ క్లాసును నేను పొగిడిన వేళ

ఒక్క ఆడపిల్ల నోరు తెరిచి, క్లాసు మొత్తానికి సాయంత్రం బస్సు లేకుండా చేయగలదా? చేయగలదు. ఆ ఘనకార్యం నాదే. మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. మా క్లాసువాళ్లు ఇప్పటికీ తిడుతూనే ఉన్నారు.

సూర్యాపేటలో డిగ్రీ చదివేటప్పుడు మా ఆఖరి పీరియడ్ ఇంగ్లిష్ స్పీకింగ్ క్లాసు. అందులో మాట్లాడేది మా సారొక్కరే. "ఎస్ సార్" తప్ప మేము ఇంకేమన్నా అంటే "సైలెన్స్!" అని బల్ల గుద్దేవారు. అలా నోరు మూసుకుని మాట్లాడటం నేర్చుకునేవాళ్లం. అదైనా భరించేవాళ్లమే గానీ, క్లాసు వదిలేసరికి కోదాడ బస్సూ, మిర్యాలగూడ బస్సూ రెండూ వెళ్లిపోయేవి. తర్వాతి బస్సులో మునగాల దాకా ఒంటికాలి మీద నిలబడి, అక్కడ ఆటో పట్టుకుని నడిగూడెం చేరేసరికి చీకటి పడేది. నాన్న గుమ్మంలోనే కాచుకుని ఉండేవాడు.

"ఇంత పొద్దుపోయినంక వస్తవా? ఇట్లనే అయితే కాలేజీ బంద్!"

అంతలో హైదరాబాదు నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నారనీ, స్పీకింగ్ క్లాసు మీద మా అభిప్రాయం ఇంగ్లిషులోనే అడుగుతారనీ తెలిసింది. మిర్యాలగూడ నుంచి వచ్చే నా స్నేహితురాలు శిరీష ఉపాయం చెప్పింది.

"క్లాస్ మంచిగ లేదంటే సార్ ఊకోడు. మస్తుగుంది, మాకు ఇంగ్లిష్ మొత్తం వచ్చేసింది, ఇగ క్లాస్ అక్కర్లేదనాలె. ఖతం!"

"ఎవరు చెప్తరే?"

"నువ్వే. నీకు బట్టీ మంచిగొస్తది."

అది పొగడ్త అనుకుని ఒప్పుకున్నాను, చూడండి నా తెలివి! శిరీష తన ఫోనులోని ఏఐని అడిగి ఉపన్యాసం రాయించింది. దాన్ని బస్సులో, వంటింట్లో, చివరికి మా బర్రె ముందు కూడా అప్పజెప్పాను. బర్రె ఏ అభ్యంతరమూ చెప్పలేదు. అసలు సంగతంతా ఆఖరి వాక్యంలో ఉంది: కాబట్టి మాకిక ఈ క్లాసు అవసరం లేదు.

అధికారి వచ్చారు. నేను లేచి, కళ్లు మూసుకుని, ఊపిరి తీయకుండా అందుకున్నాను. ఈ క్లాసు నా భయం పోగొట్టింది. మా సారు మాకు తండ్రి లాంటివారు. ఇప్పుడు నాకు కలలు కూడా ఇంగ్లిషులోనే వస్తున్నాయి. ఆఖరి వాక్యం కోసం ఊపిరి తీసుకున్నానో లేదో, అధికారి లేచి చప్పట్లు మొదలుపెట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మా సారే.

ఆ మోత ఆగేసరికి నా వాక్యం ఎటో పోయింది. బట్టీ సంగతి మీకు తెలిసిందే, మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సిందే. ఎత్తుకున్నాను.

"రెస్పెక్టెడ్ సార్..."

"వినయం కూడా నేర్పారే!" అని అధికారి ఇంగ్లిషులోనే మురిసిపోయి, మా సారు వైపు తిరిగారు. "ఒక్క గంటకే ఇంత ఫలితమా? రేపటి నుంచి రెండు గంటలు పెట్టండి. ఏమ్మా, సంతోషమేనా?"

వెనక నుంచి శిరీష నా జడ పట్టుకుని లాగుతోంది. "నో సార్" అంటే చాలు, ఆ తర్వాతి బస్సైనా దక్కుతుంది. కానీ ఆ క్లాసులో నాకు నిజంగా వంటబట్టిన ఒకే ఒక్క జవాబు దానంతటదే బయటికి వచ్చేసింది.

"ఎస్ సార్!"

ఆ సాయంత్రం చీకట్లో బస్టాండులో శిరీష అంది, "నీకు ఇంగ్లిష్ వచ్చిందే, మా బస్సు పోయింది!"

హైదరాబాదు పెద్దసారు చప్పట్లు కొట్టారని విని నాన్న మాత్రం కాలేజీ బంద్ మాట ఎత్తడం మానేశాడు. నేను సూర్యాపేట బస్టాండు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఏ క్లాసునూ ఏ భాషలోనూ పొగడను. తప్పనిసరై పొగడాల్సి వస్తే, ఆఖరి వాక్యంతోనే మొదలుపెడతాను.