పూత మీద బేరం

ఈ జనవరిలో మా కాలేజీ వెనక తోట మళ్లీ పూసింది. కృష్ణగిరిలో మామిడి పూత వాసనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. హాజరు పిలుస్తుండగానే వచ్చి మొదటి బెంచీలో కూర్చుంటుంది. తియ్యగా, కాస్త వెగటుగా, పైన కొట్టిన మందు ఘాటుతో. ఆ వాసన వస్తే నాకు పాఠం తప్పుతుంది. పిల్లలు అది నా వయసు అనుకుంటారు. నాకు మాత్రం గోవిందప్ప సారు గుర్తొస్తారు.

ఆయన ఇదే కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. ఊరి బయట మామిడి తోట ఉన్న రైతు కూడా. నేను హోసూరులో ప్లస్ టూ చదివేటప్పుడు మా బడికి ఉపన్యాసానికి వచ్చి, బోర్డు మీద ఏమీ రాయకుండా, "టొమాటో ధర పడిపోతే రైతు పండు కోయకుండా చేన్లోనే ఏంటికి వదిలేస్తాడు? చెప్పండప్పా" అని అడిగారు. అప్పుడే మా ఊరు బేరిగైలో నాయన సరిగ్గా అలాగే వదిలేసి ఉన్నాడు. అది సోమరితనం అనుకుని నేను ఆయనతో మాట్లాడడం మానేశాను. కోత కూలి, బండి బాడుగ కలిపితే పండు ధరను మించిపోతాయని సారు చెప్తుంటే తల దించుకున్నాను. అర్థశాస్త్రం నాకు అర్థమైంది ఆ రోజే. తరవాత చదివిందంతా దానికి వ్యాఖ్యానం, కొన్నిచోట్ల అనర్థం.

ఆ పూతకాలంలోనే నాయన నన్ను బండి మీద సారు తోటకు తీసుకెళ్లాడు. నాకేమో డిగ్రీలో ఎకనామిక్స్ చదివి, ఢిల్లీలో ఎమ్మే చేసి, ఆపైన పరిశోధకుణ్ణి కావాలని ఆశ. చెన్నైలో ఒక కాలేజీలో ఎకనామిక్స్‌తో పాటు గణితం కూడా గట్టిగా చెప్తారని విన్నాను. అక్కడ చేరాలా, సారు దగ్గర చేరాలా అని అడగడానికి వెళ్లాం.

మేం వెళ్లేసరికి ఒక వ్యాపారి చెట్లకేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. పూత మీదే ఆ ఏడాది కాపుకు బేరం కుదుర్చుకోవడం మా వైపు ఆనవాయితీ. "ఇంత పూత యాడా లేదు సారూ, ఇప్పుడే మాట అనుకుందాం" అన్నాడు.

సారు నవ్వారు. "పూతకు ధర కట్టేది గాలికి ధర కట్టినట్టే. పిందె నిలవనీ అప్పా, అప్పుడు రా."

అతన్ని పంపేసి నా వైపు తిరిగారు. "చెన్నైకా? అంత దూరం ఏంటికప్పా? ఈడ నేనున్నాను కదా. ఎకనామిక్స్ అంటే మనుషుల కథ. లెక్కలు యాడికి పోతాయి, వెనకే వస్తాయి."

"సారు చెప్పినాడంటే ఇంక మాటేముంది" అంటూ నాయన బండి తిప్పాడు. ప్లస్ టూ పరీక్షలు రాయకముందే నా బేరం కుదిరిపోయింది.

ఆ మూడేళ్లూ నాకు పండగే. సారు నన్ను మండీలో నిలబెట్టి, వేలంపాటలో ఎవరు ఎప్పుడు తగ్గుతున్నారో చూడమనేవారు. మనుషుల్ని చూశాను, లెక్కల్ని లెక్కచేయలేదు. చివరికి బెంగళూరు వెళ్లి ఢిల్లీ ఎమ్మేకు ప్రవేశ పరీక్ష రాశాను. ప్రశ్నపత్రం నిండా సమీకరణాలే. అటూ ఇటూ తిప్పి చూశాను. అందులో ఒక్క మనిషి లేడు. తిరిగొస్తుంటే రాష్ట్ర సరిహద్దులో, జూజువాడి దగ్గర లారీల వెనక బస్సు ఆగిపోయింది. అప్పుడు సారు ఫోన్ చేశారు.

"ఎట్ల రాసినావప్పా?"

"పేరు బాగా రాసినాను సార్."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

మరుసటి ఏడూ అంతే అయింది. ఫలితం తెలిసిన రోజు వాళ్ల వసారాలో కూర్చున్నాం. "పిందె నిలవనీ అని ఊరందరికీ చెప్పేవాణ్ణి, నిన్ను మాత్రం పూతలోనే కొనేసినాను" అన్నారు సారు. "మంచి పిల్లోడు నా క్లాసులో ఉండాలని ఆశపడినాను. నీ దోవకు అడ్డం వచ్చినానప్పా."

కాదు సార్, మీరు లేకపోతే నాకు మా నాయన అర్థమయ్యేవాడు కాదు, అనాలి నేను. లోపల ఎక్కడో కోపం ఉంది. కాఫీ తాగుతూ ఊరుకున్నాను. నేను అవునన్నట్టే అనిపించి ఉంటుంది ఆయనకు. తరవాత దగ్గర్లోనే దొరికిన చోట ఎమ్మే చేసి, ఇక్కడే ఉద్యోగంలో చేరి, ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. పరిశోధన అంటారా, సుద్దముక్క ఎక్కడ పెట్టానో రోజూ పరిశోధిస్తూనే ఉన్నాను. కోపం కరిగి ఆ మాట నోటిదాకా వచ్చేసరికి సారు లేరు.

మొన్న సామల్పట్టి నుంచి ఒక అమ్మాయి వాళ్ల నాయనతో వచ్చింది. ప్లస్ టూ. అడిగిన రెండు ప్రశ్నలతోనే నన్ను తడబడేలా చేసింది. ఎకనామిక్స్‌లో పెద్ద చదువు చదవాలట. "ఈడే మీ కాడ చేరతాను సార్" అంది. అలాంటి పిల్ల నా క్లాసులో కూర్చుని ఎన్నేళ్లయిందో!

"ఈడ గణితం లేదమ్మా. అది ఉండే చోటికే పో. దూరమైనా సరే."

"నేను మీకు వద్దా సార్?"

"కావాల. అందుకే పొమ్మంటుండాను."

ఆమెకు అర్థం కాలేదు. వాళ్ల నాయన నా వైపు అనుమానంగా చూశాడు. వాళ్లు గేటు దాటేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాను. పూత వాసన గుప్పుమంది. 'ఈడ నేనున్నాను కదా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. సారుకు నేను చెప్పని మాట పక్కనే ఇప్పుడు అదీ ఉంది.