నిద్రపోయే ట్యాంకు

చమురు ట్యాంకు పైకి వెళ్ళాలంటే తొంభై రెండు మెట్లు. పైన మూత తెరిచి, గుండు కట్టిన స్టీలు టేపును లోపలికి దించి, తడి ఎంతవరకు ఎక్కిందో చూసి పుస్తకంలో రాయాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్న ఆయన్ని అందరూ టేపు బాబాయి అంటారు.

నింపడం, తోడడం లేకుండా ఊరికే ఉన్నదాన్ని అక్కడివాళ్ళు నిద్రపోయే ట్యాంకు అంటారు. దాని మెట్లు ఎవరూ ఎక్కరు. కింద నిలబడే నిన్నటి అంకెను ఇవాళ్టి గడిలో దించేస్తారు. ఏడో నెంబరు ట్యాంకుకి బాబాయి కూడా పదకొండు రోజులు అలాగే రాశాడు. మోకాళ్ళ నొప్పి అని తనకు తాను చెప్పుకున్నాడు. నిజానికి నొప్పి మూడు రోజులే. మిగతాది అలవాటు.

ఆ రోజుల్లోనే అడుగు రేకు చిల్లు పడి, చమురు మట్టిలోకి, మట్టిలోంచి కాలువలోకి చప్పుడు లేకుండా నడిచి వెళ్ళింది. పన్నెండో రోజు ఉదయం కాలువ నల్లటి అద్దమైంది. ఒక కొంగ రెక్కలు విప్పలేక గట్టు మీద తడిసిన గొడుగులా నిలబడింది.

రేకు ముందు రాత్రే పగిలిందని కంపెనీ ప్రకటించింది. రుజువు బాబాయి పుస్తకమే, అందులో ముందు రోజు వరకూ అంకె తగ్గలేదు.

షేరు ధర పాతాళానికి పోయింది. పెద్ద కంపెనీ ఒకటి దీన్ని కొనడానికి ముందుకొచ్చింది. ఒక్క రాత్రి ప్రమాదమైతే కొంటారు, ఎన్నాళ్ళ నుంచో నడిచిన నిర్లక్ష్యమైతే వెనక్కి పోతారు అని క్యాంటీన్‌లో అందరూ అనుకున్నారు. కొనకపోతే గేటుకి తాళం, నాలుగు వందల మంది ఇంటికి.

"తనిఖీకి వస్తున్నారు. నోరు జాగ్రత్త బాబాయ్," అన్నాడు మేనేజరు, భుజం మీద చెయ్యేసి. ముప్ఫై ఏళ్ళలో ఏ మేనేజరూ ఆ భుజాన్ని తాకలేదు.

"నేనేం మాట్లాడతాను సార్. మాట్లాడేది పుస్తకమేగా."

కొనేవాళ్ళ తరఫున వచ్చినావిడ ఆయన్ని ఒంటరిగా కూర్చోబెట్టి పుస్తకం తిప్పింది.

"చేతిరాత ముత్యాల్లా ఉందండి. పదకొండు రోజులు ఒకటే అంకె. మధ్యలో మూడు రోజులు ఎండ మండిపోయింది కదా?"

ఎండకి చమురు ఉబ్బుతుంది, చల్లబడితే తగ్గుతుంది. నిద్రలో కూడా ఊపిరి తీస్తుంది. అది ఆయనకి తెలుసు. ఆవిడకీ తెలుసని అప్పుడు తెలిసింది.

నాలుగు వందల టిఫిన్ డబ్బాలు కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. వాటి వెనక ఆ కొంగ.

"ఎక్కలేదండి. నిన్నటిదే రాస్తూ పోయాను."

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "భయపడకండి, కొనడం మానం. ఇంకా తక్కువకి అడుగుతాం. మాకు మేలే చేశారు."

చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు. తనని కుదురుగా కూర్చోనివ్వని తప్పు వాళ్ళకి బేరంలో పనికొచ్చే మాట అయింది.

సాయంత్రం నేరుగా కాలువ పక్కన బావమరిది ఇంటికి వెళ్ళాడు. అతను ఆ కాలువలో చేపలు పట్టి బతికేవాడు. ఇప్పుడు వల పొడిగా గోడకి వేలాడుతోంది.

"ఏంటి బావా, కంపెనీతో పాటు నిన్నూ కొనేశారా?"

"కొన్నా మెట్లెక్కించలేరులే." నవ్వబోయాడు, రాలేదు. అంతా చెప్పాడు. "ఐదో రోజు నువ్వొచ్చి చేపలు కిరసనాయిలు కంపు కొడుతున్నాయన్నావు. అప్పుడైనా ఎక్కాల్సింది."

"జలుబు చేసినట్టుంది నీ ముక్కుకి అన్నావు."

"అన్నాను."

బావమరిది గోడకున్న వల అంచుని వేళ్ళతో సవరించాడు.

"నీ మాట నమ్మి ఆ చేపలే వీధంతా అమ్మాను బావా. పక్కింటి బాలింతకైతే పిలిచి మరీ ఇచ్చాను. వారం రోజులు వాంతులు. ఇప్పటికీ తన వంటనే తిట్టుకుంటోంది పిచ్చిది." గొంతు తగ్గించాడు. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

బాబాయి లేచాడు. పక్కిల్లు పది అడుగుల దూరం. వెళ్ళి తలుపు తట్టాడు.

"ఎవరూ?" అంది ఆమె, బిడ్డని భుజాన వేసుకుని.

"నేనమ్మా, చమురు ట్యాంకుల దగ్గర పని చేస్తాను," అన్నాడు, గుమ్మం దాటకుండానే. "నీ వంటలో తప్పేం లేదు."

ఆమెకి అర్థం కాలేదు. ఆయన మొదటి రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.