ఆ తల్లి తెచ్చిన కుర్చీ

మా పాప లాస్యకు సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలవదు, మాట రాదు. దానికి నాలుగేళ్లు నిండాక నరసన్నపేటలో ఒక ఫిజియోథెరపీ కేంద్రం ఉందని తెలిసి తీసుకెళ్లాను.

మా వంతు వచ్చేలోగా పాప ఆకలికి ఏడ్చింది. ఎప్పటిలాగే ఒళ్లో పడుకోబెట్టి పెరుగన్నం పెడుతున్నాను. మూడో ముద్ద గొంతుకు అడ్డం పడింది. పెదాలు నీలంగా మారిపోయాయి. కేకలు పెట్టడం తప్ప నాకేమీ తోచలేదు.

వరండాలో కూర్చున్న ఒకావిడ పరుగున వచ్చి, పాపను లాక్కుని ముందుకు వంచి, వీపు మీద గట్టిగా చరిచింది. మెతుకులు బయటపడ్డాయి. పాప ఏడ్చింది.

"పడుకోబెట్టి పెట్టకమ్మా. కూకోబెట్టాల, తల కూసింత ముందుకుండాల" అంది పాప మూతి తుడుస్తూ.

"మీకెలగ తెలుసమ్మా? మీ పిల్లలూ ఇక్కడికొస్తారేటి?"

"మా బాబొచ్చేవోడు. వోడికి నానూ ఇలగే పెట్టినాను. నాకెవులూ సెప్పనేదు. ఇక్కడ సెప్పేసరికే అన్నం ఊపిరితిత్తుల్లోకెల్లి అవి పాడయిపోనాయి. పోయిన నెల్లో మాకు లేకుండా పోనాడు."

వరండాలో ఆమె కూర్చున్నచోట ఉన్న బెల్టుల చెక్క కుర్చీ ఆ బాబుదే. ఎవరికైనా పనికొస్తుందని కేంద్రానికి ఇవ్వడానికి తెచ్చిందట. అక్కడి మేడమ్ దాన్ని మా పాపకే ఇప్పించారు. ఆ తల్లే పాపను కూర్చోబెట్టి బెల్టు బిగించింది.

"ఒక్క ముద్ద నాను పెట్టొచ్చా అమ్మా?" అని అడిగి పెట్టింది. పాప మింగేదాకా దాని గొంతువైపే చూసింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని గేటువైపు వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ కేంద్రానికి కొత్తగా ఏ తల్లి వచ్చినా, అడగకముందే అన్నం ఎలా పెట్టాలో చెబుతాను. చెప్పిన ప్రతిసారీ, నేనెన్నడూ చూడని ఆ పిల్లాడు గుర్తొస్తాడు.